చిన్న ఆర్సీ విమానానికి బ్యాటరీ ఎలా ఎంచుకోవాలి: బరువు నుంచి కనెక్టర్ దాకా వరసగా

"అన్నా, నా ప్లేన్‌కి 3ఎస్ 2200 పెట్టొచ్చా?" అని ఎక్కువమంది అడుగుతున్నారు. 3ఎస్ అంటే బ్యాటరీలో వరసగా కలిపిన మూడు సెల్స్, 2200 అంటే ఎంఏహెచ్ (మిల్లీ ఆంప్-అవర్)లో దాని నిలవ. విమానం బరువెంత, మోటార్ ఏంటి, ప్రాప్ (ప్రొపెల్లర్) సైజు ఎంత అని తిరిగి అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండట్లేదు. అవి తెలియకుండా పెట్టొచ్చనీ చెప్పలేం, వద్దనీ చెప్పలేం. అందుకే మొత్తం వరసగా రాస్తున్నా, ఇదే వరసలో వెళ్ళండి, మధ్యలోంచి మొదలుపెట్టొద్దు.

ఉదాహరణకి మన ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు ఎక్కువగా కట్టే విమానమే తీసుకుందాం: మీటరు రెక్క, ఫోమ్‌బోర్డ్ బాడీ, ఏ2212 మోటార్ 1000 కేవీ (ఒక్కో వోల్టుకి నిమిషానికి తిరిగే చుట్లు, కిలోవోల్టు కాదు), 10×4.5 అంగుళాల ప్రాప్, 30 ఆంప్ ఈఎస్సీ (మోటార్ వేగాన్ని అదుపుచేసే బోర్డు), నాలుగు 9 గ్రాముల సర్వోలు (రెక్క, తోక ఫలకాల్ని కదిపే చిన్న మోటార్లు). మీది వేరే ఐనా లెక్క అదే, అంకెలు మార్చుకుంటే సరిపోతుంది.

1. కొనే ముందు రాసుకోవాల్సినవి

వంటింట్లో వాడే డిజిటల్ కాటా, ఒక టేపు, ఒక కాగితం చాలు.

- బ్యాటరీ తప్ప మిగతావన్నీ బిగించాక విమానం బరువు (గ్లూ, టేపు, చక్రాలతో సహా)
- రెక్క పొడవు, వెడల్పు
- మోటార్ కేవీ, అది ఎన్ని సెల్స్ దాకా తట్టుకుంటుంది
- ఈఎస్సీ ఎన్ని ఆంప్స్, ఎన్ని సెల్స్
- ప్రాప్ సైజు
- బ్యాటరీ గది పొడవు, వెడల్పు, ఎత్తు మిల్లీమీటర్లలో
- రెక్క ముందు అంచు నుంచి సీజీ (విమానం బరువు సమతూగే చోటు) ఎంత దూరంలో ఉండాలి

సన్‌బోర్డ్‌తో కట్టినవాళ్ళు బరువు తప్పకుండా తూయండి, మీరు అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటుంది. సన్‌బోర్డ్ గట్టిగా ఉంటుంది కానీ డెప్రాన్ (తేలిక ఫోమ్ షీట్)తో పోలిస్తే బాగా బరువు, దానిమీద హాట్ గ్లూ ధారాళంగా పోస్తే ఇంకా పెరుగుతుంది.

2. ముందు బరువు తేల్చండి, ఎంఏహెచ్ తర్వాత

పెట్రోల్ విమానంలో ఇంధనం అయ్యేకొద్దీ బరువు తగ్గుతుంది. బ్యాటరీ అలా కాదు, పూర్తిగా వాడేసినా దిగేటప్పుడు అదే బరువు మోసుకుని దిగాలి. కాబట్టి బ్యాటరీ బరువు అంటే మీ ల్యాండింగ్ స్పీడ్ కూడా.

చిన్న విమానాల్లో మొత్తం బరువులో బ్యాటరీ 20 నుంచి 25 శాతం మించకపోతే బాగుంటుంది. మన ఉదాహరణలో ఖాళీ విమానం 530 గ్రాములు అనుకుందాం. 120 గ్రాముల బ్యాటరీ పెడితే మొత్తం 650, అంటే బ్యాటరీ వాటా 18 శాతం, బ్రహ్మాండం.

ఇప్పుడు రెక్క మీద భారం చూద్దాం. మీటరు పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు అంటే 20 చదరపు డెసిమీటర్లు. 650ని 20తో భాగిస్తే చదరపు డెసిమీటరుకి 32.5 గ్రాములు. నేర్చుకునే విమానానికి 35 లోపు ఉంచండి, 40 దాటితే కొత్తవాళ్ళ చేతికి ఇవ్వొద్దు.

బ్యాటరీలు సుమారుగా ఎంత బరువుంటాయో, కంపెనీని బట్టి కాస్త అటూఇటూ:

- 2ఎస్ 450: 30 గ్రాములు
- 3ఎస్ 1000: 85 నుంచి 90
- 3ఎస్ 1300: 105 నుంచి 120
- 3ఎస్ 2200: 170 నుంచి 190

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఒక మాట. సరదాకి ఎగరేసేవాళ్ళు 250 గ్రాములు దాటిన విమానానికి ఎఫ్ఏఏ (అక్కడి విమానయాన శాఖ) దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి, ఆ బరువులో బ్యాటరీ కూడా కలిసే ఉంటుంది. 235 గ్రాముల విమానానికి కాస్త పెద్ద బ్యాటరీ పెడితే గీత దాటేస్తారు.

3. ఎన్ని సెల్స్: ఇది మోటారూ ప్రాపూ చెప్పాలి

లైపో (మనం వాడే లిథియం పాలిమర్ బ్యాటరీ)లో ఒక సెల్ 3.7 వోల్టులు, ఫుల్ ఛార్జ్‌లో 4.2. అంటే 2ఎస్ 7.4, 3ఎస్ 11.1, 4ఎస్ 14.8. కేవీని వోల్టేజ్‌తో గుణిస్తే లోడ్ లేకుండా మోటార్ నిమిషానికి తిరిగే చుట్లు వస్తాయి, మన 1000 కేవీ మోటార్ 3ఎస్ మీద సుమారు 11,000. ప్రాప్ తగిలించాక అంత తిరగదు.

ఇక్కడ ఎక్కువమంది పడే గుంట ఒకటుంది. 2ఎస్ మీద పనిచేస్తున్న విమానానికి ప్రాప్ మార్చకుండా 3ఎస్ పెట్టేస్తారు. వోల్టేజ్ ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది కదా అనుకుంటారు, కానీ అదే ప్రాప్‌తో కరెంట్ దాదాపు రెట్టింపు దాటుతుంది, పవర్ మూడు రెట్ల దగ్గరికి వెళ్తుంది, 2ఎస్‌లో 9 ఆంప్స్ తీసుకున్న మోటార్ 3ఎస్‌లో 18, 20 లాగుతుంది, ఆ తర్వాత కాలేది మోటారో ఈఎస్సీయో వాటి అదృష్టం. సెల్స్ పెంచితే ప్రాప్ తగ్గించాలి, ఇది మర్చిపోవద్దు.

ఈఎస్సీ మీద 2 నుంచి 4 సెల్స్ అని రాసుంది కదా అని 4ఎస్ పెట్టేముందు దాంట్లో బీఈసీ (రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్‌కీ, సర్వోలకీ కరెంట్ ఇచ్చే భాగం) ఏ రకమో చూడండి. చవక ఈఎస్సీల్లో లీనియర్ బీఈసీ ఉంటుంది, అది మిగులు వోల్టేజ్‌ని వేడిగా వదిలేస్తుంది. 3ఎస్ మీద నాలుగు సర్వోలు నడిపే బీఈసీ 4ఎస్ మీద రెండుమూడింటికే అలిసిపోవచ్చు. బీఈసీ ఆగితే రిసీవర్ ఆగుతుంది, రిసీవర్ ఆగితే విమానం మీ చేతిలో ఉండదు.

నా సలహా: 150 గ్రాముల లోపు ఐతే 1ఎస్ లేదా 2ఎస్, 150 నుంచి 350 మధ్య 2ఎస్, అక్కడినుంచి కిలో దాకా 3ఎస్. 4ఎస్ జోలికి చిన్న విమానాల్లో స్పీడ్ కావాలనుకునేవాళ్ళు తప్ప వెళ్ళక్కర్లేదు.

1ఎస్ వాడేవాళ్ళు ఎల్‌ఐహెచ్‌వీ (ఎక్కువ వోల్టేజ్ లైపో) అని రాసినవి కూడా చూస్తారు, వాటిని 4.35 దాకా ఛార్జ్ చేయొచ్చు. మామూలు లైపోని మాత్రం పొరపాటున కూడా 4.35కి ఛార్జ్ చేయకూడదు, ఛార్జర్‌లో మోడ్ రెండుసార్లు చూస్కోండి.

4. ఆంప్స్ కొలవండి, ఊహించొద్దు

మొత్తం పనిలో ఇదే ముఖ్యం, అందరూ వదిలేసేదీ ఇదే. వాట్‌మీటర్ ఒకటి కొనండి. లేకపోతే డీసీ కరెంట్ కొలిచే క్లాంప్ మీటర్, మామూలు ఏసీ క్లాంప్ పనికిరాదు.

1. ఫ్రెండ్ దగ్గర అదే సెల్స్ ఉన్న బ్యాటరీ అడిగి తెచ్చుకోండి, ఫుల్ ఛార్జ్ చేయండి.
2. విమానాన్ని కదలకుండా కట్టేయండి లేదా ఇంకొకరు గట్టిగా పట్టుకోవాలి.
3. బ్యాటరీకీ ఈఎస్సీకీ మధ్య వాట్‌మీటర్ పెట్టండి.
4. ప్రాప్ వెనక నిలబడండి. ప్రాప్ తిరిగే గీతలో చెయ్యి, మొహం, పక్కవాళ్ళ పిల్లలు ఎవరూ ఉండకూడదు.
5. మెల్లగా ఫుల్ థ్రాటిల్‌కి తీసుకెళ్ళి 5 సెకన్లు ఉంచి, ఆంప్స్, వాట్స్ చూసి తగ్గించేయండి.

బ్యాటరీ దొరకలేదంటే మోటార్ కంపెనీ ఇచ్చిన టేబుల్‌లో మీ ప్రాప్ ఎదురుగా ఉన్న అంకె తీసుకోండి, దానికి ఇంకో 20 శాతం కలుపుకోండి.

మన విమానం 11 వోల్టుల దగ్గర 12 ఆంప్స్ చూపించిందనుకుందాం. అంటే 132 వాట్స్. 0.65 కిలోలతో భాగిస్తే కిలోకి 203 వాట్స్.

- మెల్లగా తిరిగే తేలిక విమానం: కిలోకి 110 నుంచి 150 వాట్స్
- ట్రైనర్ (నేర్చుకునే విమానం): 150 నుంచి 200
- లూపులు, రోల్స్: 220 నుంచి 270
- నిలువుగా వేలాడే 3డీ: 330 పైన

మనది ట్రైనర్‌కి నిండుగా సరిపోయింది. ఈఎస్సీ 30 ఆంప్స్ కాబట్టి దానికీ బోలెడు ఖాళీ ఉంది. ఈఎస్సీ రేటింగ్‌కి కొలిచిన ఆంప్స్ 75 శాతం లోపే ఉంచండి, మన ఎండలకి ఇంకా తగ్గించినా మంచిదే.

5. ఎంఏహెచ్: పెద్దది పెడితే ఎంత లాభం?

ముందు లెక్క. బ్యాటరీలో 80 శాతమే వాడాలి. ట్రైనర్ మామూలుగా ఎగిరేటప్పుడు సగటున ఫుల్ థ్రాటిల్ కరెంట్‌లో సగం తింటుంది, మనకి 6 ఆంప్స్.

1300 ఎంఏహెచ్ అంటే 1.3 ఆంప్-అవర్. 1.3 × 0.8 = 1.04. దాన్ని 6తో భాగించి 60తో గుణిస్తే 10 నిమిషాలు చిల్లర.

ఇప్పుడు అందరూ అడిగే 2200 పెడదాం. కాగితం మీద 17 నిమిషాలు దాటి రావాలి. కానీ బరువు 70 గ్రాములు పెరిగి 720 అయింది. లెవెల్‌గా ఎగరడానికే ఎక్కువ పవర్ కావాలి, సగటు కరెంట్ 7 ఆంప్స్ దగ్గరికి వెళ్తుంది, టైమ్ 15 నిమిషాలకి దిగుతుంది. అంటే బ్యాటరీ 70 శాతం పెద్దదైతే టైమ్ పెరిగింది 45 శాతమే. రెక్క మీద భారం 36, మనం పెట్టుకున్న 35 గీత దాటింది. మన విమానం దీన్ని మోస్తుంది, కాదనను. కానీ 300 గ్రాముల విమానానికి అదే 70 గ్రాములు కలిపితే స్టాల్ స్పీడ్ (ఇంతకన్నా తగ్గితే రెక్క మోయలేని వేగం) పది శాతం పైన పెరుగుతుంది, టేకాఫ్‌కి చేత్తో విసిరినప్పుడే తేడా తెలిసిపోతుంది, ముక్కు ఎత్తగానే ఒక రెక్క వాలిపోతుంది.

అందుకే నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే: ఒక 2200 బదులు రెండు 1300లు కొనండి. నేర్చుకునేవాళ్ళకి పది నిమిషాలు చాలా ఎక్కువ, ఏడెనిమిది నిమిషాలకే ఏకాగ్రత సడలుతుంది. ఒకటి చెడినా ఇంకోటి ఉంటుంది.

గ్లైడర్ లాంటివి, నిదానంగా చాలాసేపు తిరిగేవి ఐతే లిథియం-అయాన్ 18650 సెల్స్ ఆలోచించండి. శాంసంగ్ 30క్యూ లాంటి సెల్ ఒక్కోటి 48 గ్రాముల లోపు, 3000 ఎంఏహెచ్, 15 ఆంప్స్ దాకా ఇస్తుంది. మూడు కలిపితే తీగలతో 150 గ్రాముల చుట్టూ ఉంటుంది, 3ఎస్ 2200 లైపో కంటే తేలిక, నిలవ ఎక్కువ. కానీ గట్టిగా లాగితే వోల్టేజ్ బాగా కుంగుతుంది, ఫుల్ థ్రాటిల్ 10 ఆంప్స్ దాటని విమానాలకే వాడండి. సెల్స్‌ని మామూలు సోల్డరింగ్‌తో అతికించొద్దు, స్పాట్ వెల్డింగ్ చేయించాలి. 18650 మీద 6000, 9900 అని రాసుంటే అది అబద్ధం, అంత నిలవ ఆ సైజులో పట్టదు.

6. సీ రేటింగ్: రాసినదాంట్లో సగమే నమ్మండి

సీ అంటే బ్యాటరీ ఎంత కరెంట్ ఇవ్వగలదో చెప్పే గుణకం. 1300 ఎంఏహెచ్, 25సీ అంటే 1.3 × 25 = 32.5 ఆంప్స్ అని కంపెనీ మాట. ఆ అంకెకి ఎవరూ తనిఖీ చేసే ప్రమాణం లేదు, చాలా కంపెనీలు ఎక్కువ రాస్తాయి. సగం చేసుకోండి, 16 ఆంప్స్. మనకి కావాల్సింది 12, కాబట్టి 25సీ చాలు.

అదే మోటార్ 2200 కేవీది తీసుకుని చిన్న ప్రాప్‌తో 22 ఆంప్స్ లాగుతుంటే? 22ని 1.3తో భాగిస్తే 17సీ, దానికి రెండింతలు 34. అంటే 35 లేదా 40సీ కొనాలి.

అవసరానికి మించి 75సీ, 100సీ కొంటే డబ్బు దండగే కాదు, అదే ఎంఏహెచ్‌కి బరువు కూడా ఎక్కువ ఉంటుంది. పైన చెప్పిన బరువు లెక్క మళ్ళీ చెడుతుంది.

7. గదిలో పడుతుందా, సీజీ కుదురుతుందా

బ్యాటరీ కొలతలు అది అమ్మే పేజీలో ఉంటాయి. ఆ సైజులో థర్మోకోల్ ముక్క కోసి గదిలో పెట్టి చూడండి, బ్యాలెన్స్ తీగలు (ఒక్కో సెల్ నుంచి విడిగా వచ్చే సన్న తీగలు) మడవడానికి 10 మిల్లీమీటర్లు అదనంగా వదలండి.

ఆ తర్వాత అంతే బరువున్న నాణేల పొట్లం కట్టి బ్యాటరీ చోట పెట్టి, రెక్క కింద రెండు వేళ్ళతో ఎత్తండి. ట్రైనర్‌కి సీజీ రెక్క వెడల్పులో ముందు అంచు నుంచి 25 నుంచి 33 శాతం మధ్య ఉండాలి, 20 సెంటీమీటర్ల రెక్కకి 5 నుంచి 6.5 సెంటీమీటర్లు. పొట్లాన్ని ముందుకీ వెనక్కీ జరిపి చూడండి. ముక్కులో చివరిదాకా నెట్టినా తోక వాలుతుంటే, సీసం ముక్క అతికించే బదులు ఒక సైజు పెద్ద బ్యాటరీ తీసుకోండి, మోసే బరువు ఎలాగూ మోస్తున్నాం కాబట్టి అది కరెంట్ ఇచ్చే బరువైతే మేలు. పెద్ద బ్యాటరీ న్యాయంగా అవసరమయ్యే సందర్భం ఇదొక్కటే.

ముక్కు బరువైతే ఎగరడం మొద్దుగా ఉంటుంది, తోక బరువైతే అసలు అదుపులో ఉండదు. అనుమానంగా ఉంటే ముక్కు వైపే మొగ్గండి.

8. కనెక్టర్

- 5 ఆంప్స్ లోపు: ఎర్ర జేఎస్‌టీ
- 15 ఆంప్స్ దాకా: ఎక్స్‌టీ30
- ఆ పైన 30 దాకా: ఎక్స్‌టీ60

అన్ని బ్యాటరీలకీ ఒకే రకం పెట్టుకోండి. అడాప్టర్లు ఛార్జింగ్‌కి సరే, విమానంలో వద్దు, ఒక్కో జాయింట్ ఒక్కో ప్రమాదం.

కనెక్టర్ మార్చేటప్పుడు రెండు తీగలు ఒకేసారి కత్తిరించొద్దు, కత్తెర లోహమే షార్ట్ చేస్తుంది. ఒక తీగ కోసి, సోల్డర్ చేసి, హీట్‌ష్రింక్ (వేడికి బిగుసుకునే ట్యూబ్) వేసి, అప్పుడు రెండోది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి హీట్‌ష్రింక్, సిలికాన్ వైర్, సోల్డర్ లాంటివి కోఠి గుజరాతీ గల్లీలో చేత్తో చూసి కొనుక్కోవచ్చు.

9. బ్యాటరీ ఇంటికొచ్చాక

- ఉబ్బిందా, మూల నొక్కుకుపోయిందా, తియ్యటి కెమికల్ వాసన వస్తోందా? ఏ ఒక్కటున్నా తిరిగి పంపండి.
- కాటా మీద పెట్టండి. రాసినదానికంటే బాగా తేలికగా ఉంటే ఎంఏహెచ్ కూడా తక్కువే ఉంటుంది.
- బ్యాలెన్స్ కనెక్టర్‌కి చెకర్ (సెల్ సెల్‌కీ వోల్టేజ్ చూపించే చిన్న మీటర్) తగిలించండి. 3ఎస్‌కి నాలుగు పిన్నులు. సెల్స్ 3.7 నుంచి 3.9 మధ్య, ఒకదానికొకటి 0.03 లోపు తేడాతో ఉండాలి.
- 3.3 కిందకి పడిపోయిన సెల్ ఉంటే వాడొద్దు.
- ఇంటర్నల్ రెసిస్టెన్స్ చూపించే ఛార్జర్ ఉంటే కొత్తలోనే ప్రతి సెల్‌దీ బ్యాటరీ మీదే మార్కర్‌తో రాసేయండి, తేదీతో. ఇది ముందుముందు చాలా పనికొస్తుంది.

ఛార్జింగ్ 1సీ, అంటే 1300కి 1.3 ఆంప్స్, ఎప్పుడూ బ్యాలెన్స్ మోడ్‌లోనే. ఐమ్యాక్స్ బీ6 లాంటి ఛార్జర్‌లో సెల్స్ సంఖ్య మీరే సరిచూసి స్టార్ట్ నొక్కాలి. మట్టి నేల, గ్రానైట్ మీద పెట్టండి, మంచం మీద, సోఫా మీద కాదు. ఛార్జ్ అవుతుంటే ఇల్లు వదిలి వెళ్ళొద్దు. పక్కన బకెట్ ఇసుక ఉంచండి.

10. మొదటి ఫ్లైట్‌లో సరిచూడటం

ఇంట్లో ఒక పరీక్ష. బ్యాటరీ సగం ఖాళీ అయ్యాక, విమానం కట్టేసి, బ్యాలెన్స్ కనెక్టర్‌కి చెకర్ ఉంచి, ఫుల్ థ్రాటిల్ 10 సెకన్లు. ఏ సెల్ ఐనా 3.3 కిందకి కుంగితే ఈ విమానానికి ఆ బ్యాటరీ బలం చాలదు. సీ ఎక్కువున్నది తీసుకోండి లేదా ప్రాప్ ఒక అంగుళం తగ్గించండి.

ఫీల్డ్‌లో లెక్క 10 నిమిషాలు వచ్చినా టైమర్ 5 నిమిషాలకే పెట్టండి. దిగి, ఛార్జ్ చేసినప్పుడు ఎన్ని ఎంఏహెచ్ ఎక్కిందో చూడండి. 5 నిమిషాలకి 550 ఎక్కితే నిమిషానికి 110, 1300లో 80 శాతం 1040, అంటే మీ అసలు టైమ్ 9 నిమిషాలు. గాలి రోజుల కోసం ఒక నిమిషం తగ్గించి 8కి పెట్టుకోండి.

దిగాక సెల్ 3.7 పైనే ఉండాలి. ఈఎస్సీ పవర్ కట్ చేసేదాకా ఎగరేయడం పద్ధతి కాదు, అది ఆఖరి రక్ష మాత్రమే. ఇంకో సంగతి, చాలా ఈఎస్సీలు తగిలించగానే వోల్టేజ్ చూసి సెల్స్ లెక్కపెడతాయి. సగం వాడిన బ్యాటరీ పెడితే లెక్క తప్పి కట్‌ఆఫ్ అసలు పనిచేయకపోవచ్చు.

11. సమస్య వస్తే

*బ్యాటరీ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది.* 60 డిగ్రీలు దాటుతోందని అర్థం. ఆంప్స్ మళ్ళీ కొలవండి, ప్రాప్ తగ్గించండి, బాడీకి ముందు గాలి లోపలికొచ్చే రంధ్రం, వెనక దానికంటే పెద్ద బయటికెళ్ళే రంధ్రం పెట్టండి.

*మొదట్లో బాగా లాగి, రెండు నిమిషాలకే మెత్తబడుతోంది.* సీ చాలట్లేదు లేదా ఒక సెల్ పోయింది. సెల్ సెల్‌కీ వోల్టేజ్ చూడండి.

*ఫుల్ థ్రాటిల్‌లో మోటార్ ఆగి మళ్ళీ వస్తోంది.* వోల్టేజ్ కుంగి ఈఎస్సీ కట్ చేస్తోంది. ముందు కనెక్టర్ సోల్డర్ చూడండి, చల్లబడ్డ సోల్డర్ ముద్ద మెరవకుండా బూడిదరంగులో ఉంటే మళ్ళీ చేయండి. తర్వాతే బ్యాటరీని అనుమానించండి.

*బ్యాటరీ కొంచెం ఉబ్బింది, ఇంకా పనిచేస్తోంది.* ఆపేయండి. పిన్నుతో పొడిచి గాలి తీసే పని అస్సలు వద్దు, మంటలు వస్తాయి.

12. ఎండాకాలం, దాచుకోవడం, వదిలేయడం

విజయవాడ, రామగుండం ఎండల్లో పార్క్ చేసిన కారు లోపల 60 డిగ్రీలు దాటుతుంది, బ్యాటరీని అందులో వదలొద్దు. పొద్దున తొమ్మిది లోపు ఎగరేసుకోండి. దిగిన వెంటనే ఛార్జ్ పెట్టకుండా చల్లారనివ్వండి. చికాగో చలిలో ఎగరేసేవాళ్ళది తిరగబడిన సమస్య, చల్లటి బ్యాటరీ కరెంట్ ఇవ్వదు, తగిలించేదాకా కోటు లోపలి జేబులో ఉంచుకోండి.

రెండుమూడు రోజుల్లో ఎగరేయట్లేదంటే స్టోరేజ్ మోడ్‌లో సెల్‌కి 3.8 నుంచి 3.85కి తీసుకురండి. ఆదివారం వాన పడిందని ఫుల్ ఛార్జ్‌లోనే నెలంతా వదిలేసిన బ్యాటరీలే ఎక్కువగా ఉబ్బుతాయి.

ఎప్పుడు వదిలేయాలి? కొత్తలో మార్కర్‌తో రాసిన రెసిస్టెన్స్ రెట్టింపు అయినా, ఛార్జ్ అయ్యాక ఒక సెల్ పదేపదే వెనకబడుతున్నా, దాని పని ఐపోయినట్టే. 3ఎస్‌కి కారు ఇండికేటర్‌లో వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బు తగిలించి, ఆరుబయట, దగ్గరే ఉండి పూర్తిగా ఆరిపోయేదాకా ఖాళీ చేయండి. కనెక్టర్‌కి టేపు చుట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వండి. మామూలు చెత్తబండిలో వేస్తే అక్కడ నలిగి అంటుకుంటుంది, అది ఎత్తే మనిషి చేతులు కాలతాయి.